పొద్దున తిన్నదే

1999 జనవరి 2, శనివారం

మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ ఇచ్చిన డైరీ ఇది. ప్రతి పేజీ అడుగునా అరుగుదల మాత్ర బొమ్మ. ఏటా ఇస్తారు, ఏటా మా ఆయన ఆఫీసుకి పట్టుకుపోతారు. ఈసారి ఇవ్వనన్నాను. "నువ్వేం రాస్తావు రాజీ?" అని నవ్వారు.

ఏం రాస్తానో నాకూ తెలియదు. మనసు ఒక చోట నిలవడం లేదు. చేతికి పని చెబితే కాస్త ఊరుకుంటుందేమోనని మొదలుపెట్టాను.

ఇంటివాళ్ల ట్రాక్టర్ వాకిట్లో అలాగే ఉంది. మొగిలి పోయి పదిహేడు రోజులు. డ్రైవర్ సీటు మీద అతని తువ్వాలు కూడా తీయలేదు. పొద్దున మంచుకి తడుస్తుంది, మధ్యాహ్నానికి ఆరుతుంది. నా కిటికీలోంచి అదే కనిపిస్తుంది.

జనవరి 4, సోమవారం

ఉన్నది ఉన్నట్టు ఒకసారి రాసేసుకుంటే పోతుంది.

మొగిలి మా ఇంటి ఓనరు. గోపన్‌పల్లిలో ఈ ఇల్లు కట్టి రెండేళ్లయింది. ముందు రెండు గదుల్లో మేము, వెనక వాళ్లు: అతను, భార్య భూలక్ష్మి, తొమ్మిదేళ్ల కూతురు బుజ్జి. మాదాపూర్‌లో ఆ గుండ్రటి టవర్ కట్టినన్నాళ్లూ ట్రాక్టర్ మీద కంకర తోలాడు. వయసు నలభై నాలుగేళ్లు. నవ్వితే వీధి చివరికి వినిపించేది.

నవంబర్ 23, టవర్ ప్రారంభోత్సవం అయిన మర్నాడు. సాయంత్రం నాలుగింటికి లింగంపల్లిలో నేను పనిచేసే ల్యాబ్‌కి వచ్చాడు. తిన్నాక ఛాతీ బరువుగా ఉంటోందంటే డాక్టర్ రక్తంలో కొవ్వులు చూపించమని చీటీ రాశాడట. అసలు పరగడుపున రావాలి. వచ్చినవాణ్ని వెనక్కి పంపడం ఎందుకని తీశాను. నరం ఒక్క పోటుకే దొరికింది. మెషిన్‌లో తిప్పి తీస్తే పైన తేరిన సీరం లేత పసుపుగా, అద్దంలా ఉండాలి. ఇది చిక్కటి మజ్జిగలా ఉంది.

కడుపు నిండా తిని వచ్చినవాళ్లకి అలాగే ఉంటుంది. తిన్న కొవ్వు రక్తంలో తేలుతూ ఉంటుంది. ఆ సీరంతో అంకెలు సరిగ్గా రావు. మా పద్ధతి ఒకటే: సింకులో పారబోసి, రిజిస్టర్‌లో 'తిని వచ్చారు, పరగడుపున రావాలి' అని రాయడం. పారబోశాను. రాశాను. ఎప్పుడు తిన్నావని అడిగితే "పొద్దున తిన్నదే మేడమ్" అన్నాడు. అందరూ అదే అంటారు. టీలో బిస్కెట్లు ముంచుకు తింటే అది తిండి కాదు, నాలుగు మిరపకాయ బజ్జీలు తింటే అదీ తిండి కాదు. పదకొండేళ్లుగా వింటున్నాను ఈ కబుర్లు.

బుధవారం పరగడుపున వచ్చాడు. సీరం అద్దంలా ఉంది. అంకెలన్నీ ఉండాల్సిన హద్దులోనే ఉన్నాయి. డాక్టర్ గ్యాస్ అని మాత్ర రాశాడు. డిసెంబర్ 16న మధ్యాహ్నం అన్నం తిని, మూడున్నరకి ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

ఇందులో నేను చేసిన తప్పు ఏముంది? ఏమీ లేదు.

జనవరి 5

ఏమీ లేదు.

జనవరి 9, శనివారం

బుజ్జి బడిలో కళ్లు తిరిగి పడిపోయిందట. టీచర్ ఆయాను తోడిచ్చి ఇంటికి పంపింది. నాకు ఇవాళ సెలవు. గ్లూకోజ్ నీళ్లు కలిపి పట్టుకెళ్తే, భూలక్ష్మి గ్లాసు అందుకుని గూట్లో పెట్టేసింది.

"ఇయ్యాల దానికి ఒక్కపొద్దు అక్కా. పొద్దు గూకినంకనె తినాలె."

"తొమ్మిదేళ్ల పిల్లకి ఉపవాసమేమిటి భూలక్ష్మీ? మతి ఉందా?"

"శనివారం, సోమవారం, బేస్తారం. ఐదు నెలలు మొక్కిన. నేనైతె దినాం ఉంటున్న."

ఆమె చెంపలు లోపలికి పోయాయి. మొగుడు పోయిన దిగులనుకున్నాను ఇన్నాళ్లూ. పిల్ల మంచం మీద పడుకుని గూట్లో గ్లాసు వైపే చూస్తోంది. ఎందుకు మొక్కావని గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది.

మొగిలి అన్న కొమురయ్య ఊరికి ఆ కొసన ఉంటాడు. పోయినేడు ఉమ్మడి పొలాన్ని తమ్ముడితో ఒక్క మాటైనా అనకుండా అమ్మేశాడు. ఇలాంటి గొడవ వస్తే వీళ్లు మాటలు మానేసి ఊరుకోరు, ఒకరింట్లో ఒకరు తిండి మానేస్తారు. ఆ ఇంట్లో మెతుకు ముట్టనని బుజ్జి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేయమంది భూలక్ష్మి. మొగిలి వేశాడు.

"గా సోమవారం పగటీలి వాళ్లింటి ముంగట మా ట్రాక్టర్ ఆగిందని పక్కింటి అంజమ్మ చూసొచ్చి చెప్పింది. నేను నమ్మలె. ఏదో పని మీద ఆగిండనుకున్న. సాయంత్రం నువ్వు చెప్పినంక నమ్మిన."

"నేనేం చెప్పాను?"

"నల్ల కాడ చెప్పలేదా అక్కా? కడుపు నిండ తినొచ్చిండని. నెత్తురుల తేలుతున్నదని."

నేను పిల్ల కాళ్ల మీద దుప్పటి సర్దాను.

"గా దినం సంది నేను మాట్లాడలె. కంచంల అన్నం పెట్టలె. గిన్నెలు దించి బయటకు పోతుంటి, ఆయనే పెట్టుకొని తింటుండె. మూడు వారాలు. చూసినవా, ఒట్టు ఆయన్ను తీస్కపోయింది. అది బిడ్డ నెత్తి మీద పెట్టిన ఒట్టాయె. ఆయనతోని ఊకుంటదా?"

అందుకే కొమురయ్యను పాడె మొయ్యనివ్వలేదట. అన్న గేటు బయటే నిలబడి చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు నేనూ చూశాను. ఎవరో పరాయి మనిషనుకున్నాను.

నల్ల దగ్గర చెప్పినట్టు నాకు గుర్తు లేదు. నీళ్లు పట్టుకుంటూ వంద మాటలు అనుకుంటాం.

జనవరి 11

మజ్జిగ తాగలేకపోతున్నాను. మా ఆయన అడిగితే జలుబు అని చెప్పాను.

జనవరి 17, ఆదివారం

ఇక నుంచి ఆదివారాలు యూనివర్సిటీలో పని. యజ్ఞనారాయణ గారని, అక్కడ పరిశోధన చేసే ఆయన. మా ల్యాబ్ ఓనరుకి తెలుసు. నరం తప్పకుండా పట్టే మనిషి కావాలన్నారట, నా పేరు చెప్పారు. వెంటనే సరేనన్నాను. ఆదివారం ఇంట్లో ఉంటే రోజంతా ట్రాక్టర్‌ని చూస్తూ కూర్చోవాలి.

పని చిన్నదే. మనుషులకి నేతి పొంగలి, గారెలు కొలిచి పెడతారు. తినక ముందు ఒకసారి, తిన్నాక రెండేసి గంటలకి ఒకసారి రక్తం తీయాలి. మధ్యలో నీళ్లు తప్ప ఏమీ తినకూడదు.

"తిన్న రక్తంతో ఏం పని సార్? మేం పారబోస్తాం" అన్నాను.

యజ్ఞనారాయణ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను, కాదు, ఆయనకి అది ఇష్టమైన ప్రశ్న.

"మీరొక్కరే కాదు రాజేశ్వరి గారూ, లోకమంతా పారబోస్తుంది. మనిషి ఇరవై నాలుగు గంటల్లో పరగడుపున ఉండేది ఎంతసేపండి? తెల్లవారుజామున కాసేపు. మిగతా బతుకంతా తిన్న తర్వాతే. ఆ బతుకుని వదిలేసి, ఈ కాసేపటినే మనం పరీక్ష చేస్తున్నాం."

తిన్న కొవ్వు రక్తంలో తిరుగుతున్నంతసేపూ ఆక్సిజన్ దాన్ని పాడుచేస్తూ ఉంటుందట. మూకుట్లో వాడిన నూనె నిలవుండి కనరు వాసన వస్తుంది చూడండి, అలాంటిదే అన్నారు. ఆ పాడైన కొవ్వు గుండెకి వెళ్లే నాళాల గోడల్ని గీరుతుంది. ఒక పూటకి ఏమీ కాదు. రోజుకి మూడు పూటలు, ఇరవై ఏళ్లు అయితే గోడ గట్టిపడి దారి మూసుకుంటుంది. ఎంత పాడైందో చూడటానికి సీరంలో ఒక మందు కలిపి వేడి చేస్తే గులాబి రంగు వస్తుంది. ఎంత పాడైతే అంత గులాబి.

ఇదంతా ఇంకా రుజువు కావాల్సిన సంగతే అని కూడా అన్నారు. నిజాయితీగల మనిషి.

జనవరి 24, ఆదివారం

ఒక మనిషి తక్కువైతే నేనే కూర్చుని పొంగలి తిన్నాను. నా చేతికి నేనే సూది గుచ్చుకున్నాను. రెండు గంటలకి తెలుపు. నాలుగుకి పలచన. ఆరు గంటలకి అద్దం.

"ఎక్కువమందికి ఇంతే" అన్నారు సార్. "కొందరుంటారు. వాళ్లకి ఎనిమిది, పది గంటలైనా తెలుపు పోదు. ఎక్కువగా పుట్టుకతో వచ్చేదే, ఇంట్లో ఒకరికి ఉంటే తోడబుట్టినవాళ్లకీ ఉండొచ్చు. వాళ్లనే కనిపెట్టాలండి. పరగడుపున చూస్తే వాళ్లూ మీలాగే ఉంటారు, అదే చిక్కు."

పొద్దున ఎనిమిదింటికి తింటే సాయంత్రం నాలుగుకి ఎనిమిది గంటలు.

ఊరికే రాశాను. పిల్లలు కూడా వేసే లెక్క ఇది.

జనవరి 26

సెలవు. మా ఆయన కుర్చీలో కునుకుతుంటే లేపి, ఏమండీ, ఎప్పుడు తిన్నారని అడిగాను. "నువ్వే కదా పెట్టావు, పావుగంట కాలేదు" అన్నారు. పొద్దున ఆఫీసులో జెండా పండగకి వెళ్లినప్పుడు ఏం తిన్నారన్నాను. రెండు లడ్డూలని తేలింది. ముందు ఒకటే అన్నారు. చూశారా, మనుషులు తిండి విషయంలో అబద్ధమే చెబుతారు.

ఈ మాటతో నాకు కాస్త తేలికపడాలి. పడలేదు.

ఫిబ్రవరి 1, సోమవారం

ల్యాబ్‌లో గోడ గడియారం నాలుగు కొట్టగానే వెనక నుంచి వినిపిస్తుంది. పొద్దున తిన్నదే మేడమ్. తిరిగి చూస్తే బెంచీ మీద వేరే ఎవరో ఉంటారు. రోజూ ఇదే. ఇవాళ ఆ టైముకి బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. నీళ్ల చప్పుడులో కూడా వినిపించింది.

ఇంటికొచ్చి బియ్యం కడిగాను. ఆ తెల్లటి నీళ్లు సింకులోకి వంచబోయి ఆగిపోయాను. గిన్నె అలాగే పెట్టి వచ్చి కూర్చున్నాను. మా ఆయనే పొయ్యి వెలిగించారు.

సోమవారం. వెనక ఇంట్లో బుజ్జి తినలేదు.

నాకు భయంగా ఉంది. ఎందుకో రాయను.

ఫిబ్రవరి 7, ఆదివారం

ఇవాళ నలుగురు. మూడోవాడి దాకా పేర్లు రాసుకున్నాను. నాలుగోవాడు యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్, యాభై దాటినవాడు. పేరు కొమురయ్య, ఊరు గోపన్‌పల్లి అన్నాడు. పెన్ను ఆగింది. తలెత్తి చూస్తే అదే నుదురు, అవే దట్టమైన కనుబొమలు.

"మీరు మా తమ్ముని ఇంట్ల కిరాయికుంటరు గద" అన్నాడు.

అవునన్నాను. చెయ్యి చాపాడు. నరం మొగిలిదిలాగే పైకి ఉంది.

ఎనిమిదికి తిన్నాడు. పదికి తెలుపు, పన్నెండుకి చిక్కటి తెలుపు, రెండుకి అంతే. నాలుగింటికి మిగతా ముగ్గురి సీరం అద్దంలా ఉంది. కొమురయ్యది చిక్కటి మజ్జిగ. వేడి చేస్తే గులాబి కాదు, ముదురు ఎరుపుకి దగ్గరగా వచ్చింది.

యజ్ఞనారాయణ గారు ట్యూబ్ వెలుతురుకి పట్టి చూశారు.

"మధ్యలో గేటు దాకా వెళ్లాడు కదండీ?"

"తాళాలు ఇచ్చి వచ్చాడు సార్. పది నిమిషాలు."

"అయితే ఏదో నోట్లో వేసుకునే ఉంటాడు. అందరూ అంతేనండి. ఇతన్ని లెక్కలోంచి తీసేద్దాం. 'మధ్యలో తిన్నాడు' అని రాసేయండి."

రాశాను.

ఫిబ్రవరి 8

రాశాను. రెండోసారి రాశాను. అదే చెయ్యి, అదే రాత. అన్నకీ తమ్ముడికీ ఒకటే రాశాను.

ఫిబ్రవరి 10, బుధవారం

ల్యాబ్‌కి సగం రోజు సెలవు పెట్టి యూనివర్సిటీ గేటుకి వెళ్లాను. కొమురయ్య స్టూలు నాకిచ్చి తను నిలబడ్డాడు. నేను అడగాల్సింది అడిగే లోపలే అతను అడిగాడు.

"బుజ్జి బడికి పోతున్నదా మేడమ్?"

పోతోందన్నాను. ఆదివారం మధ్యలో ఏమైనా తిన్నావా అని అడిగాను.

"మీరు వద్దన్నరు గద. ఎట్ల తింట?"

"నవంబర్‌లో ఒక సోమవారం మొగిలి నీ దగ్గరికి వచ్చాడా?"

స్కూటర్ ఒకటి లోపలికి పోతే వెళ్లి సలాం కొట్టి వచ్చాడు.

"నేనే పిలిపించిన. తప్పు నాదే, పొలం నేనే అమ్మిన, ఇగ తిట్టు, కొట్టు, కని ఒక్కపారి కూసొని తిను అన్న. మా ఇంటామె కంచంల అన్నం పెట్టింది. కోడిగుడ్డు కూర. కూసున్నడు. చూసుకుంట కూసున్నడు మేడమ్. చెయ్యి గడగలె. 'బిడ్డ మీద ఒట్టున్నదన్నా, నన్ను సతాయించకు' అన్నడు. ఛాతి బరువైతున్నది, దవాఖానకు పోవాలె అని లేసిండు. నీళ్లు గిట్ల తాగలె మా ఇంట్ల. గా అన్నం కుక్కకు పెట్టినం."

ఎన్నింటికి అని అడిగాను.

"పగటీలి రెండయింది."

నేను రిజిస్టర్‌లో రాసిన టైము అదే. రెండు గంటల క్రితం తిన్నాడని.

"గాయనకు నేను తినబెట్టి చంపిన అంటున్నదట మా మరదలు. అననియ్యి. ఎవలనన్న అనాలె గద ఆమె" అన్నాడు కొమురయ్య. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఫిబ్రవరి 11, గురువారం

గుర్తు లేదని రాశాను ముందు పేజీల్లో. గుర్తుంది. మొదటి రోజు నుంచీ గుర్తుంది.

ఎప్పుడు తిన్నారని అడిగాను. "పొద్దున ఎనిమిదింటికి మేడమ్. నిన్నటి మటన్, జొన్నరొట్టె. మల్ల ఏం తినలె." ఇంత వివరంగా చెప్పాడు. ట్యూబ్ చూసి నేను, "ఎవరింట్లో దావత్ మొగిలి గారూ?" అన్నాను. ఎప్పుడూ నవ్వే మనిషి నవ్వలేదు. "దేవుని తోడు మేడమ్, పొద్దున తిన్నదే" అన్నాడు మళ్లీ. తిన్న సమయం అని ఉన్న గడిలో '2 గం. క్రితం' అని రాశాను. అతను చెప్పిన జవాబు ఒకటి, నేను రాసిన జవాబు ఒకటి. డాక్టర్ దగ్గరికి పోయింది నేను రాసిందే.

సాయంత్రం నల్ల దగ్గర భూలక్ష్మి నా ముందు నిలబడి ఉంది. "మీ ఆయన ఎక్కడో గట్టిగా లాగించి వచ్చాడోయ్, నన్నే మాయ చేద్దామనుకున్నాడు. నోరు అబద్ధమాడుతుంది గానీ నెత్తురు ఆడదు" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆమె బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్లిపోయింది. ఎందుకో అనుకుని నా బిందె పెట్టుకున్నాను.

ఎనిమిది గంటలైనా తెల్లగానే ఉందని నేను రాసి ఉంటే? డాక్టర్ ఇంకో పరీక్ష రాసేవాడేమో, రాసేవాడు కాదేమో. బతికేవాడేమో, కాదేమో. అది నాకు ఎప్పటికీ తెలియదు. కానీ ఆ మూడు వారాలు పెళ్లాం వడ్డించగా తిని, నాలుగు మాటలు మాట్లాడి పోయేవాడు. ఇది మాత్రం తెలుసు.

ఇవాళ గురువారం, వాళ్ల బేస్తారం. వెనక ఇంట్లో బుజ్జి దగ్గు వినిపిస్తోంది. చెప్పాలి. చెబితే పిల్ల తింటుంది. చెబితే భూలక్ష్మి ఏమవుతుందో, నన్ను ఏమంటుందో.

ఫిబ్రవరి 12

చెప్పలేదు.

ఫిబ్రవరి 13

నల్ల దాకా వెళ్లి వచ్చేశాను. బిందె కూడా నింపలేదు.

ఫిబ్రవరి 14, ఆదివారం

కొమురయ్యకి మళ్లీ చెయ్యాలని సార్‌ని బతిమాలి ఒప్పించాను. ఈసారి అతని పక్క నుంచి కదల్లేదు. తాళాలు వేరే మనిషికి ఇప్పించాను. అతను బాత్‌రూమ్‌కి వెళ్తే తలుపు బయట నిలబడ్డాను. "నేనేమన్న దొంగనా మేడమ్" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా మొగిలిదే. కాదు, దొంగని నేను, అందామనుకుని ఊరుకున్నాను.

నాలుగింటికి తీశాను. మజ్జిగ.

యజ్ఞనారాయణ గారు ట్యూబ్ చూసి, "మళ్లీనా? నీళ్లలో ఏమైనా..." అని మొదలుపెట్టారు.

"తినలేదు సార్."

"అది కాదండీ, ఎలాగోలా..."

"తినలేదని అతను చెబుతున్నాడు సార్. నేను ఎనిమిది గంటలు చూశాను. తిన్నాడని మాత్రం నేను రాయను. మీరు రాసుకోండి, సంతకం కూడా మీరే పెట్టుకోండి."

గొంతు పెరిగింది. ఆయన దగ్గర ఎప్పుడూ అలా మాట్లాడలేదు. ఆయన కళ్లజోడు తీశారు, తుడవలేదు, చేత్తో పట్టుకుని కూర్చున్నారు. తర్వాత పోయినవారం పేజీ తీసి, నేను రాసిందాన్ని కొట్టేసి, తనే కొత్తగా రాశారు. గుండె డాక్టర్‌కి ఉత్తరం రాసి కొమురయ్య చేతికిచ్చారు. రేపే వెళ్లమన్నారు. నెయ్యి, కొవ్వు మాంసం మానేయమన్నారు.

"ఇలాంటివాళ్లు ఇంకెందరున్నారో, అందర్నీ తిన్నారనే తీసేసి ఉంటాం" అన్నారు నాతో.

నాకు తెలిసినవాళ్లలో ఒకరున్నారు సార్ అని చెప్పాను. ఆయన అడగలేదు, నేనే మొత్తం చెప్పాను. అంతా విని, "మీరు చెప్పాల్సింది నాకు కాదండి" అన్నారు.

ఫిబ్రవరి 15, సోమవారం

ఏడింటికి నల్ల దగ్గరికి వెళ్లాను. భూలక్ష్మి బిందె పెట్టి నిలబడి ఉంది. బుజ్జి అరుగు మీద కూర్చుని ఉంది, బడి బట్టలు వేసుకోలేదు.

"భూలక్ష్మీ, మొగిలి గారు ఆ రోజు ఎవరింట్లోనూ తినలేదు. నేను తప్పు చెప్పాను."

బిందె నిండి పొర్లింది. ఆమె నల్ల కట్టేయలేదు. నేనే కట్టాను.

అన్నీ చెప్పాను. పొద్దున తన ఇంట్లో తిన్నదే సాయంత్రం దాకా రక్తంలో ఉందని, అన్నకీ అలాగే ఉందని నా కళ్లతో చూశానని, అతను మర్యాదగా చెబితే నేను నమ్మకుండా నా ఇష్టం వచ్చినట్టు రాసుకున్నానని. కొమురయ్య ఇంట్లో కంచం ముందు కూర్చుని లేచిపోయాడని. ఆమె నా మొహం చూడలేదు. నేను కట్టిన నల్లను చూస్తూ వింది.

"చెయ్యి గడగలె?"

"కడుక్కోలేదట. మంచినీళ్లు కూడా ముట్టలేదట."

"ఒట్టు తప్పలె."

"తప్పలేదు."

"బుజ్జి నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్తవా అక్కా?"

పెట్టాను. తల వేడిగా, నూనె లేక గరుగ్గా ఉంది. మీ నాన్న ఒట్టు తప్పలేదు అన్నాను. బుజ్జి ఏమీ అర్థం కాక వాళ్లమ్మ వైపు చూసింది.

భూలక్ష్మి లోపలికి వెళ్లి రొట్టె, పప్పు తెచ్చింది. పిల్ల చేతిలో పెట్టి "తిను" అంది. "ఇయ్యాల సోమవారం గదనే అమ్మా" అంది పిల్ల. "తిను" అంది మళ్లీ. బుజ్జి గబగబా తింటుంటే మేమిద్దరం నిలబడి చూశాం. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

పిల్ల చెయ్యి కడుక్కోవడానికి పోయాక అడిగింది.

"నాలుగింటికి నీ కాడికి వచ్చె వరకు ఆకలితోనె ఉన్నడా అక్కా?"

"ఉన్నాడు."

"రాత్రి ఇంటికొచ్చి కంచం ముంగటేస్కొని కూసున్నడు. నేను పెట్టలె. 'తినొచ్చినవ్ గద, ఇంకేం తింటవ్' అన్న. ఇగ ఏం అనలె ఆయన. నీళ్లు తాగి పండుకున్నడు."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. మెల్లగా తీసేసుకుంది.

"నువ్వు నవ్వుకుంట చెప్పినవ్ అక్కా" అంది.

అవునన్నాను.

"ఉగాది లోపల వేరే ఇల్లు చూస్కో. కోపం గాదు. నిన్ను చూస్తె నాకు గా దినమే యాదికొస్తది."

ఫిబ్రవరి 18

గురువారం. బుజ్జి అన్నం డబ్బా పట్టుకుని బడికి వెళ్లింది. భూలక్ష్మి ఒక్కపొద్దు మానలేదు. ఇప్పుడు ఎందుకుంటున్నదో అడిగే ధైర్యం నాకు లేదు.

ఫిబ్రవరి 21, ఆదివారం

ఇవాళ యూనివర్సిటీకి వెళ్లలేదు. మూసాపేటలో ఇల్లు దొరికింది. ఎందుకు మారుతున్నామో మా ఆయనకి నిన్న చెప్పాను. ఇవాళ సామాన్లు సర్దడానికి అట్టపెట్టెలు తెచ్చారు.

మధ్యాహ్నం కొమురయ్య వచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాడు, ఆ రోజు నిలబడిన చోటే. భూలక్ష్మి వెళ్లి, "లోపలికి రా బావా" అంది. పీట వేసింది. బుజ్జి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, పెదనాన్నకి ఏం పెట్టొచ్చో అమ్మ అడగమందని అంది. కాగితం మీద రాసిచ్చాను: నెయ్యి వద్దు, వేపుడు వద్దు, కడుపు నిండేదాకా కాదు. గోడ అవతల నుంచి గరిటె చప్పుడు వినిపించింది. చాలాసేపటికి ఆమె మాట వినిపించింది. "ఇంకొంచెం పెట్టనా బావా, ఆకలైతున్నదా?" అదే మాట మళ్లీ మళ్లీ అడుగుతోంది. అతను చాలంటున్నాడు.

వెళ్లేటప్పుడు ట్రాక్టర్ సీటు మీది తువ్వాలు తీసి, దులిపి, మడిచి ఆమెకి ఇచ్చాడు. ఇంజను మూడుసార్లు తిప్పితే అందుకుంది.

ఫిబ్రవరి 22, సోమవారం

ల్యాబ్‌లో పాత రిజిస్టర్ తీశాను. నవంబర్ 23. '2 గం. క్రితం' మీద గీత కొట్టి, పక్కన 'ఉదయం 8కి తిన్నాడు, తర్వాత ఏమీ తినలేదు' అని రాసి, ఇవాళ్టి తేదీ వేసి సంతకం పెట్టాను. ఎవరికీ పనికిరాదు.

నాలుగు కొట్టింది. వినిపించింది. తిరిగి చూశాను. బెంచీ మీద ఒకాయన, సిమెంటు అంటిన చేతులు, డాక్టర్ చీటీ పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు తిన్నారని అడిగాను.

"పొద్దున తిన్నదే మేడమ్."

అతని ఎదురుగానే గడిలో అదే రాశాను. తర్వాత, ఆకలిగా ఉందా అని అడిగాను. ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు. ఇదేం ప్రశ్న అన్నట్టు నా మొహం చూశాడు.

ఉన్నదన్నాడు.